మెడికల్ స్కూల్ అప్లికేషన్లు: ఎన్ని పెట్టాలన్నది చివర తేలే లెక్క

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఈ గంటసేపూ మాట్లాడేది వాళ్ల మార్కుల గురించి, అదీ అమ్మానాన్నల ఎదురుగా. కొంచెం ఓర్చుకోండి.

అమెరికాలో మెడిసిన్‌కు అప్లై చేయబోయే ప్రతి ఇంట్లోనూ మే నెల వచ్చేసరికి ఒకటే ప్రశ్న. ఎన్ని స్కూల్స్‌కి పెట్టాలి? ఎవరిని అడిగినా ఒక అంకె చెప్పేస్తారు. ఒకరు పదిహేనంటారు, ఒకరు ముప్పై అంటారు, ఇంకొకరు మా వాడు నలభై రెండు పెట్టాడంటారు. ఈ అంకెలు విని మన అంకె తేల్చుకోవడం పక్కింటివాళ్ల కళ్లజోడు పెట్టుకుని పేపరు చదవడం లాంటిది. సంఖ్య ముందు అనుకుని దాన్ని నింపడానికి స్కూళ్లు వెతకకండి. వడపోత చేసుకుంటూ పోతే చివర మిగిలిందే సంఖ్య. ఆ వడపోత ఎలా చేయాలన్నదే ఇవాళ మనం చూసేది.

ముందు పెద్ద లెక్క చూద్దాం. ఎండీ (ఇక్కడ డాక్టర్ కావడానికి చదివే డిగ్రీ) స్కూళ్ల సంఘం ఏఏఎంసీ ఏటా లెక్కలు బయటపెడుతుంది. 2023లో అప్లై చేసినవాళ్లు 52 వేల పైచిలుకు. సీట్లలో చేరినవాళ్లు దాదాపు 23 వేలు. అంటే సగానికి పైగా ఖాళీ చేతులతో మిగిలారు. సగటున ఒక్కొక్కరు పంపినవి 18 స్కూళ్ల చుట్టూ. కాబట్టి "సగటు 18 కదా, మనం ఇరవై పెడితే చాలు" అనే మాటలో ధైర్యం చెప్పేదేమీ లేదు. ఆ సగటులో సీటు వచ్చినవాళ్లూ ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు, రానివాళ్లే ఎక్కువమంది ఉన్నారు.

ఇక్కడ ఇంజినీర్లు చాలామంది ఉన్నట్టున్నారు, వాళ్లు మనసులో వేసుకునే లెక్క ఒకటుంది. ఒక్కో స్కూల్లో సీటు వచ్చే అవకాశం 5 శాతం అనుకుందాం. పది పెడితే కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం. ఇరవై పెడితే 64. నలభై పెడితే 87. కాబట్టి నలభై పెట్టేద్దాం! కాగితం మీద తప్పు లేదు. కానీ ఈ లెక్క నిలబడాలంటే ఒక్కో స్కూల్ నిర్ణయం రెండోదానితో సంబంధం లేకుండా, పాచిక కొత్తగా వేసినట్టు ఉండాలి. ఇక్కడ అలా జరగదు. నలభై చోట్లకీ వెళ్లేది అదే ఫైలు. అదే జీపీఏ, ఎమ్‌క్యాట్ ప్రవేశ పరీక్షలో అదే స్కోరు, అవే సిఫార్సు లేఖలు, అదే పర్సనల్ స్టేట్‌మెంట్. ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర గడిపిన గంటలు చాలవని మొదటి స్కూలుకు అనిపిస్తే, నలభయ్యో స్కూలుకూ అలాగే అనిపిస్తుంది. సంఖ్య పెంచడం వల్ల తగ్గేది దురదృష్టం ఒక్కటే. ఫైల్లో ఉన్న లోపం తగ్గదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలిందంతా దాని వెంటే వస్తుంది.

ఇప్పుడు వడపోత. మన కుటుంబాల్లో మొట్టమొదటి జల్లెడ మార్కులు కావు. వీసా.

హెచ్-4 (అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద పెరిగిన పిల్లలు, ఇరవై ఒకటి దాటి ఎఫ్-1 స్టూడెంట్ వీసాలోకి మారినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. స్కూలు మొదలు ఇక్కడే చదివి ఉండొచ్చు, యాసలో తేడా ఉండకపోవచ్చు, అయినా అప్లికేషన్‌లో మీరు ఇంటర్నేషనల్. చాలా ఎండీ స్కూళ్లు, ముఖ్యంగా ప్రభుత్వ స్కూళ్లు, పౌరసత్వమో గ్రీన్ కార్డో లేనివాళ్ల ఫైలు తెరవవు. తెరిచే వాటిలోనూ కొన్ని నాలుగేళ్ల ఫీజుకు సరిపడా డబ్బు ఉందని ముందే రుజువు చూపించమంటాయి, కొన్ని ఆ మొత్తాన్ని ఎస్క్రో ఖాతాలో, అంటే మీరు వెనక్కి తీసుకోలేకుండా మూడోవాళ్ల చేతిలో, పెట్టమంటాయి. ఫెడరల్ లోన్లు మీకు రావు. మరో చిక్కు ఏమిటంటే, మీ రాష్ట్రం ట్యూషన్ కోసం మిమ్మల్ని ఇన్‌స్టేట్‌గా గుర్తించినంత మాత్రాన అక్కడి మెడికల్ స్కూల్ అడ్మిషన్‌కు కూడా గుర్తిస్తుందనుకోకండి. అవి రెండు వేరు రూల్స్. గ్రీన్ కార్డు దారిలో ఉందంటే, అది ఏ తేదీకి చేతిలో ఉండాలో ఒక్కో స్కూలు ఒక్కోలా చెబుతుంది. కొన్నింటికి అప్లికేషన్ నాటికే ఉండాలి. కాబట్టి హెచ్-4, ఎఫ్-1 పిల్లలకు ఎన్ని పెట్టాలన్న ప్రశ్న కన్నా ముందు "నన్ను తీసుకునేవి ఎన్ని" అన్నది ఉంటుంది. ఆ జాబితాను ఏఏఎంసీ వాళ్ల ఎమ్సార్‌లో చూసి, తర్వాత ఒక్కో స్కూల్ అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి ఖరారు చేసుకోండి. జవాబు రాతపూర్వకంగా ఉంచుకోండి. ఫోన్లో ఎవరో "ఫర్వాలేదు, అప్లై చేయండి" అన్నారని వంద డాలర్లు కట్టేయకండి.

ఎమ్సార్ అన్నాను కదా. అది ఎండీ స్కూళ్ల వివరాలన్నీ ఒకచోట ఉండే డేటాబేస్. ఏడాది చందా కొద్ది డాలర్లే, ఈ మొత్తం వ్యవహారంలో అంతకన్నా లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు. అది చూడకుండా తయారుచేసిన జాబితా చీకట్లో బాణమే.

రెండో జల్లెడ మీ రాష్ట్రం. దీని బరువు మనవాళ్లకు పూర్తిగా తెలియదనే చెప్పాలి. ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు ఆ రాష్ట్రపు పన్నులతో నడుస్తాయి, ఆ రాష్ట్రానికి డాక్టర్లను తయారుచేయడం వాటి పని. మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ స్కూలు, నార్త్ కెరొలైనాలో ఈస్ట్ కెరొలైనా యూనివర్సిటీ వాళ్ల బ్రోడీ, జార్జియాలో మెర్సర్, ఇవి తమ రాష్ట్రం వాళ్లను మాత్రమే తీసుకుంటాయి. మెర్సర్ ప్రైవేటు అయినా సరే. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ తన రాష్ట్రంతో పాటు వ్యోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహోలకు డాక్టర్లను ఇస్తుంది. డెలావేర్‌కు సొంత మెడికల్ స్కూల్ లేదు, అక్కడి పిల్లలకు ఫిలడెల్ఫియాలోని రెండు స్కూళ్లతో ఒప్పందం ఉంది. టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లు కనీసం 90 శాతం సీట్లు టెక్సాస్ వాళ్లకే ఇవ్వాలి. జాబితా రాసే ముందు ఇలాంటివన్నీ ఆ స్కూల్ వెబ్‌సైట్లోనే మరోసారి సరిచూసుకోండి, రూల్స్ మారుతుంటాయి.

పేరు వినబడని స్కూల్ కదా, సులువుగా వస్తుందని వేరే రాష్ట్రం ప్రభుత్వ స్కూళ్లు నాలుగైదు జాబితాలో పడేస్తుంటారు. ఇది చాలా ఎక్కువగా జరిగే పొరపాటు. అలాంటి చోట ఎమ్సార్‌లో ఒక లెక్క తీయండి. బయటి రాష్ట్రం నుంచి ఎందరు అప్లై చేశారు, వాళ్లలో ఎందరిని ఇంటర్వ్యూకి పిలిచారు. ఊహకు ఒక ఉదాహరణ చెబుతాను. బయటివాళ్లు 4,000 మంది పెడితే 60 మందిని పిలిచారు, అంటే 1.5 శాతం. అదే స్కూలు సొంత రాష్ట్రం వాళ్లు 900 మంది పెడితే 300 మందిని పిలిచింది, అంటే మూడింట ఒకరిని. రెండూ కలిపి చూస్తే 7 శాతం పైన కనబడి "పర్లేదే" అనిపిస్తుంది. విడదీసి చూస్తే అది మీకు మూసిన తలుపు. పైగా ఆ 60 మందిలో అక్కడే పుట్టినవాళ్లు, అక్కడే డిగ్రీ చేసినవాళ్లు, ఎండీ-పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు కొందరుంటారు. బయటివాళ్ల ఇంటర్వ్యూ శాతం మూడు నాలుగు కూడా లేని ప్రభుత్వ స్కూల్లో, మీకు ఆ రాష్ట్రంతో చెప్పుకోదగ్గ బంధం ఏదీ లేకపోతే, కొట్టేయండి. ఇలా కొట్టేసిన ప్రతి పేరూ వంద డాలర్లకు పైగా మిగుల్చుతుంది, రెండు మూడు రోజుల రాతపని కూడా.

సొంత రాష్ట్రంలో ఉన్నవి మాత్రం, అర్హత ఉన్నంతవరకూ, దాదాపు అన్నీ పెట్టాలి. "అది చిన్న ఊళ్లో ఉంది, మాకొద్దు" అనకండి. మిషిగన్‌లో ఉన్నవాళ్లకు ఆరు ఎండీ స్కూళ్లున్నాయి, అది అదృష్టం. కాలిఫోర్నియాలో స్కూళ్లు ఎక్కువే, కానీ వాటిని కోరే జనం అంతకన్నా ఎక్కువ. అందుకే కాలిఫోర్నియా పిల్లల జాబితా మిగతావాళ్లకన్నా సహజంగానే పొడుగవుతుంది. ఒకే రకం ఫైలు ఉన్న ఇద్దరు పిల్లల్లో టెక్సాస్ వాడికి పదిహేను చాలితే, శాన్‌హోసే అమ్మాయికి ఇరవై ఎనిమిది కావాల్సి రావచ్చు. ఎవరి అంకె ఇంకొకరికి పనికిరాదనడానికి ఇదొక్కటి చాలు.

మూడో జల్లెడ మార్కులు. ఎండీలో చేరినవాళ్ల సగటు ఇటీవలి ఏళ్లలో జీపీఏ 3.77 పైన, ఎమ్‌క్యాట్ 511, 512 మధ్య. ఇవి చేరినవాళ్లవి, అప్లై చేసినవాళ్లవి కావు. మీ జీపీఏ ఎంతో లెక్కేసేటప్పుడు యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్ చూసి సరిపెట్టుకోకండి. ఎండీ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ ఆమ్కాస్ వేరుగా లెక్కిస్తుంది. హైస్కూల్లో ఉండగా తీసుకున్న డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సులు, వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చేసినవి, అన్నీ కలుస్తాయి. ఫెయిలై మళ్లీ చదివిన కోర్సుకు రెండు గ్రేడ్లూ లెక్కలోకొస్తాయి. ఆకోమాస్, అంటే డీఓ (ఎండీ లాగే డాక్టర్‌ను చేసే ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ) స్కూళ్ల అప్లికేషన్, ఒకప్పుడు పాత గ్రేడును వదిలేసేది, 2017 నుంచి అదీ లేదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కోర్సుల జీపీఏ విడిగా కూడా కనబడుతుంది. ఇంట్లో 3.8 అనుకున్నది అక్కడ 3.66గా తేలితే, జూన్‌లో జాబితా మొత్తం తలకిందులవుతుంది. ఈ పని మార్చిలోనే ఎక్సెల్ షీటులో చేసుకోండి.

తర్వాత ఎమ్సార్‌లో ఒక్కో స్కూలుకు 10వ పర్సెంటైల్, మధ్యస్థం, 90వ పర్సెంటైల్ చూడండి. మీ స్కోరు 10వ పర్సెంటైల్ కింద ఉంటే, అక్కడ చేరిన నూరుమందిలో మీకన్నా తక్కువ తెచ్చుకున్నవాళ్లు పదిమంది కూడా లేరన్నమాట. ఆ కొద్దిమందికీ ఏదో బలమైన కారణం ఉంటుంది. జాబితాలో సగానికి పైగా పేర్లు మీ స్కోరు మధ్యస్థానికి అటూఇటూ ఉన్నవి కావాలి. ఆశకొద్దీ పెట్టుకునేవి నాలుగో అయిదో చాలు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. హార్వర్డ్, హాప్కిన్స్, స్టాన్‌ఫర్డ్ నుంచి మొదలుపెట్టి ర్యాంకింగ్ పట్టుకుని కిందికి దిగుతారు, ఇరవై నిండగానే ఆగిపోతారు. 510 స్కోరుతో అది నేల విడిచి సాము. ఇరవై అప్లికేషన్లు పెట్టినట్టే ఉంటుంది గానీ, పనికొచ్చేవి మూడో నాలుగో.

ఫీజు లేని స్కూళ్లంటే ఇంకో మోజు. న్యూయార్క్ యూనివర్సిటీ గ్రాస్‌మన్ 2018 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు, ఐన్‌స్టైన్ కాలేజ్‌కి 2024లో వంద కోట్ల డాలర్ల విరాళం వచ్చాక అక్కడా ట్యూషన్ ఎత్తేశారు. బాగుంది. కానీ ఉచితం అనగానే పోటీ పెరిగింది, సీటు తేలిక కాలేదు. వాటిని ఆశల కోటాలోనే లెక్కపెట్టుకోండి.

రాజధాని వాషింగ్టన్ డీసీలో ఉన్న పేరున్న ప్రైవేటు స్కూళ్ల సంగతీ చెప్పాలి. జార్జ్‌టౌన్, జార్జ్ వాషింగ్టన్ లాంటివి. రాష్ట్రం పట్టింపు లేదు, స్కోర్లు మరీ ఆకాశంలో ఉండవు, అందుకే అందరి జాబితాలోనూ ఉంటాయి. ఫలితంగా రెండు వందల చుట్టూ ఉన్న సీట్లకు పది వేలు దాటిన అప్లికేషన్లు. పెట్టకండి అనడం లేదు. ఇలాంటివి ఏడెనిమిది పెట్టేసి "మాకు సేఫ్టీలున్నాయి" అనుకోకండి. మెడికల్ స్కూల్ ప్రపంచంలో సేఫ్టీ అన్న మాటకు అర్థం లేదు.

నాలుగోది మిషన్. ఇది అంకెల్లో దొరకదు. కొన్ని స్కూళ్లకు పల్లెటూళ్లలో పనిచేసే ఫ్యామిలీ డాక్టర్లు కావాలి, కొన్నింటికి పరిశోధకులు. లోమా లిండా సెవెంత్ డే అడ్వెంటిస్ట్ చర్చి సంస్థ. మోర్‌హౌస్, హోవర్డ్, మెహారీ నల్లజాతి వైద్య విద్య చరిత్రలోంచి పుట్టినవి, వైద్యం అందని జనానికి సేవ చేయడం వాటి ప్రాణం. ల్యాబులో మూడేళ్లు గడిపి, పల్లెలో ఒక్క గంట కూడా గడపనివాళ్లు గ్రామీణ వైద్యం కోసం పుట్టిన స్కూలుకు పెడితే, 520 స్కోరు కూడా కాపాడదు. మీ యాక్టివిటీల పట్టీ పక్కన ఆ స్కూల్ మిషన్ స్టేట్‌మెంట్ పెట్టి చదవండి. రెండింటికీ కలిసే చోటు ఒక్కటైనా కనబడకపోతే తీసేయండి.

ఈ నాలుగూ దాటాక సాధారణంగా ముప్పై, ముప్పై అయిదు పేర్లు మిగులుతాయి. ఇప్పుడు కోత వేసేది రాతపని.

ఆమ్కాస్ ప్రైమరీ అప్లికేషన్ ఒక్కటే, ఎన్నింటికైనా అదే వెళ్తుంది. పదిహేను యాక్టివిటీలు, 5,300 అక్షరాల పర్సనల్ స్టేట్‌మెంట్. అక్కడితో అయిపోయిందనుకుంటారు. జూన్ చివర స్కూళ్లకు ఫైళ్లు వెళ్లడం మొదలవగానే సెకండరీలు, అంటే ఒక్కో స్కూలు విడిగా పంపే రెండో అప్లికేషన్లు, వచ్చిపడతాయి. ఎక్కువ స్కూళ్లు ముందు వడకట్టకుండా అందరికీ పంపిస్తాయి. ఒక్కోదాంట్లో రెండు నుంచి ఆరు వ్యాసాల దాకా. సగటున మూడు అనుకున్నా, ఇరవై స్కూళ్లకు అరవై వ్యాసాలు. వచ్చిన రెండు వారాల్లోపు పంపడం మంచి పద్ధతి, ఎందుకంటే ఇంటర్వ్యూ పిలుపులు ఫైళ్లు పూర్తయిన వరసలో మొదలవుతాయి. ఆలస్యమైతే మిగిలిన ఖాళీలకు పోటీ పడాలి.

ఇప్పుడు నిజాయితీగా లెక్కేయండి. ఉద్యోగమో వేసవి రీసెర్చో చేసుకుంటూ, వారానికి నాలుగైదు స్కూళ్లకు మించి శ్రద్ధగా రాయడం కష్టం. అయిదు వారాల్లో ఇరవై నుంచి ఇరవై అయిదు. చాలామందికి అసలు సంఖ్య ఇక్కడే తేలుతుంది. మీ కన్సల్టెంట్ చెప్పేదాన్ని కాదు, మీరు జులైలో కూర్చోగలిగే గంటల్ని నమ్మండి. ముప్పై అయిదు పెట్టినవాళ్లకు ఆగస్టులో ఏం జరుగుతుందో ముందే చెప్పొచ్చు. మొదటి పదీ బాగుంటాయి, తర్వాతి పదీ నకళ్లు, చివరి పదిహేను సెప్టెంబరులో వెళ్తాయి, లేదా వెళ్లనే వెళ్లవు. "మా స్కూలే ఎందుకు?" అన్న వ్యాసంలో పక్క స్కూల్ పేరు ఉండిపోతుంది. నవ్వొస్తుంది గానీ ప్రతి ఏడాదీ జరిగేదే.

దీనికి మందు మే నెలలోనే మొదలుపెట్టడం. ప్రశ్నలు ఏటేటా పెద్దగా మారవు. మీరు ఎదుర్కొన్న కష్టం, భిన్నమైన మనుషులతో పనిచేసిన అనుభవం, మీ ప్రత్యేకత, మా స్కూలే ఎందుకు, గ్యాప్ ఇయర్‌లో ఏం చేస్తున్నారు. ఈ అయిదింటికీ ముసాయిదాలు రాసుకుంటే పని సగానికి తగ్గుతుంది. "ఎందుకు మా స్కూలు" మాత్రం ప్రతిసారీ కొత్తగా రాయాల్సిందే. దాన్ని రాయడానికి కూర్చుని, అరగంట వెబ్‌సైట్ చూసినా ఆ స్కూల్ గురించి రెండు సొంత వాక్యాలు రాకపోతే, ఆ స్కూలు మీ జాబితాలో ఉండాల్సింది కాదన్నమాట.

ఇక డబ్బు. ఆమ్కాస్‌కు మొదటి స్కూలుకు 175 డాలర్ల చుట్టూ, ఆపైన ప్రతిదానికీ 45 పైచిలుకు. లెక్క సులువుకు 45 అనుకుందాం. ఇరవై స్కూళ్లకు 1,030 డాలర్లు. సెకండరీ ఒక్కోదానికి వంద అనుకుంటే ఇంకో 2,000. మొత్తం మూడు వేలు. ముప్పైకి దాదాపు 4,500. నలభైకి ఆరు వేలకు కాస్త తక్కువ. ఎమ్‌క్యాట్ ఫీజు, క్యాస్పర్ లాంటి, చిక్కు పరిస్థితుల్లో ఏం చేస్తారో అడిగే పరీక్షల ఫీజు అదనం. కొన్ని స్కూళ్లు క్యాస్పర్, కొన్ని ఏఏఎంసీ ప్రివ్యూ అడుగుతాయి. ఒకే ఒక్క స్కూలు కోసం వేరే పరీక్ష రాయాల్సి వస్తుంటే, ఆ ఒక్క పేరూ కొట్టేయడం తప్పేమీ కాదు. ఇంటర్వ్యూలు 2020 నుంచి ఎక్కువగా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి, విమానం ఖర్చు అలా చాలావరకు తప్పింది.

ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఏఏఎంసీ ఫీ అసిస్టెన్స్ ప్రోగ్రాం ఉంది. అది మంజూరైతే ఆమ్కాస్‌లో ఇరవై స్కూళ్ల వరకు ఫీజు మాఫీ, చాలా స్కూళ్లు సెకండరీ ఫీజు కూడా వదిలేస్తాయి. ఒక్కటే షరతు గట్టిగా గుర్తుంచుకోండి. ముందు మంజూరు కావాలి, తర్వాతే సబ్మిట్ చేయాలి. కట్టేసిన డబ్బు వెనక్కి రాదు.

అప్లికేషన్ ఖర్చుతో పోలిస్తే నాలుగేళ్ల ఖర్చే అసలు సంగతి. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు, అంటే చదువు ఖర్చు మొత్తానికీ ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పులు, లేవు. మెడిసిన్ లాంటి కోర్సులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద రెండు లక్షలు, అంతే. ఏడాదికి తొంభై వేలు అయ్యే ప్రైవేటు స్కూల్లో మిగతాది ప్రైవేటు లోనో, మీ ఇంటి మీద అప్పో. కాబట్టి జాబితాలో ప్రతి పేరు దగ్గరా ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ ఒక్క చోటే సీటొస్తే చేరతామా? చేరం అనుకుంటే ఇప్పుడే తీసేయండి. వచ్చిన సీటు కాదని మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేయడం చాలా చెడ్డ బేరం. అంతకుముందు సీటొచ్చిందా అని అడిగే స్కూళ్లున్నాయి, జవాబు దాచలేరు.

డీఓ గురించి. మన సంఘాల్లో ఈ మాట ఇంకా గొంతు తగ్గించి అంటారు. ఆ అవసరం లేదు. 2020 నుంచి ఎండీ, డీఓ రెసిడెన్సీలకు, అంటే డిగ్రీ తర్వాతి ఆసుపత్రి శిక్షణకు, అక్రెడిటేషన్ ఒకటే. 505 చుట్టూ స్కోరు ఉన్నవాళ్లు ఎండీ జాబితాను ఇరవై నుంచి ముప్పై అయిదుకు పెంచేకన్నా, ఎండీ పదిహేనుకు కుదించి డీఓ ఎనిమిది, పది కలపడం తెలివైన పని. ఆకోమాస్ ఫీజు మొదటిదానికి రెండు వందల చుట్టూ, తర్వాత ఒక్కోదానికి యాభై, అరవై. డీఓ డాక్టర్ దగ్గర షాడోయింగ్ చేసి, అంటే పక్కనుండి పని గమనించి, సిఫార్సు లేఖ ఒకటి ముందే తెచ్చుకోండి, కొన్ని స్కూళ్లు అడుగుతాయి. ఒక చిక్కుంది. డీఓ డిపాజిట్లు పెద్దవి, వెయ్యి పైనే ఉంటాయి, వెనక్కి రావు, ఎండీ ఫలితాలు తేలకముందే కట్టమంటాయి. ఆ డబ్బు పోయినా ఫర్వాలేదని ముందే అనుకుని ఉంచుకోండి.

టెక్సాస్ వాళ్లకు లెక్క వేరు. అక్కడి ఉమ్మడి అప్లికేషన్ టీఎండీఎస్‌ఏఎస్‌లో ఎన్ని స్కూళ్లకు పెట్టినా ప్రైమరీ ఫీజు ఒకటే, 220 డాలర్ల చుట్టూ. టెక్సాస్ నివాసి అయితే అందులోని మెడికల్ స్కూళ్లన్నీ పెట్టేయండి, ఆలోచించాల్సిన పని లేదు. ఆపైన ఆమ్కాస్‌లో మీ స్కోరుకు తగ్గవి అయిదో ఎనిమిదో. బయటి రాష్ట్రం వాళ్లు "ఫీజు ఒకటే కదా" అని టెక్సాస్ మొత్తం పెట్టకండి, ఆ పది శాతంలో మీ చోటెంతో ఇందాక చూశాం.

ఇక సబ్మిట్ చేసే తీరు. ఆమ్కాస్ మే మొదట్లో తెరుచుకుంటుంది, నెలాఖర్లో సబ్మిట్ చేయడం మొదలు. వాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లోని ప్రతి గ్రేడునూ సరిచూస్తారు, దాన్నే వెరిఫికేషన్ అంటారు. రద్దీలో అది నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎమ్‌క్యాట్ స్కోరు పరీక్ష రాసిన నెల రోజులకు గానీ రాదు. స్కోరు తెలియకుండా జాబితా ఖరారు చేయలేం, జాబితా లేదని ఆగితే వెరిఫికేషన్ వరసలో వెనకబడతాం. దీనికి దారుంది. ఎలాగూ పెట్టబోయే సొంత రాష్ట్రం స్కూల్ ఒక్కటి పెట్టి జూన్ మొదట్లోనే సబ్మిట్ చేయండి. వెరిఫికేషన్ దాని మీద జరిగిపోతుంది. స్కోరు రాగానే మిగతావి చేర్చండి. ఒకసారి వెరిఫై అయ్యాక కొత్త స్కూళ్లు చేర్చడానికి మళ్లీ వారాలు పట్టవు. చేర్చడమే తప్ప తీసేయడం కుదరదు, అందుకే ఆ మొదటి పేరు ఖాయంగా ఉండాల్సిందే.

ఆ స్కోరు ఆశించినదానికన్నా చాలా తగ్గితే? అప్పుడు జాబితా పొడిగించకండి. ఆ ఏడాదికి సరైన సంఖ్య సున్నా కావచ్చు. ముప్పై చోట్ల బలహీనమైన ఫైలు చూపిస్తే, మరుసటి ఏడాది ఆ ముప్పై చోట్లా మీరు మళ్లీ వచ్చినవాళ్లే. ముందుసారికీ ఇప్పటికీ ఏం మారిందని అడుగుతారు. ఒక ఏడాది ఆగి బాగైన ఫైలుతో ఒక్కసారే వెళ్లడం డబ్బుకూ మంచిది, మనిషికీ మంచిది. ఈ మాట తల్లిదండ్రులకు మింగుడుపడదని తెలుసు. అయినా చెప్పకుండా వదిలేయడం సరికాదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మా అమ్మాయికి 521, జీపీఏ 3.95. టాప్ ఇరవై మాత్రమే పెడతానంటోంది. సరిపోదా అండీ?

టాప్ ఇరవైలో అప్లై చేసేవాళ్లందరికీ దాదాపు అవే మార్కులుంటాయమ్మా. అక్కడ మార్కులు తలుపు దాకా తీసుకెళ్తాయి, లోపలికి తీసుకెళ్లవు. టాప్‌లో పది, పన్నెండు పెట్టుకోనివ్వండి. సొంత రాష్ట్రం స్కూళ్లు అన్నీ ఉండాలి. మధ్యలో తన పనికి దగ్గరగా ఉన్న ప్రైవేటు స్కూళ్లు అయిదారు. మొత్తం ఇరవై దగ్గరే ఆగుతుంది, కూర్పు మారుతుంది, అంతే. సొంత రాష్ట్రం స్కూల్‌కి రాసే వ్యాసం మాత్రం బద్ధకంగా రాయొద్దని చెప్పండి. తనకు వేరే మంచి చోట్లున్నాయిలే అన్న భావం ఆ వ్యాసంలో కనబడితే వాళ్లూ పిలవరు.

ప్రశ్న: మా వాడు బీఎస్-ఎండీలో, అంటే డిగ్రీతో పాటే మెడికల్ సీటు ఇచ్చే ప్రోగ్రాంలో, ఉన్నాడు. పక్కన బయట కూడా నాలుగు పెట్టి చూద్దామా?

ముందు ఆ ప్రోగ్రాం నిబంధనల కాగితం చదవండి బాబూ. బయట అప్లై చేస్తే గ్యారంటీ సీటు పోతుందని రాసుకున్న ప్రోగ్రాములున్నాయి. అభ్యంతరం లేనివీ ఉన్నాయి. రాతలో స్పష్టంగా లేకపోతే ప్రోగ్రాం ఆఫీసును మెయిల్‌లో అడగండి.

ప్రశ్న: ఎర్లీ డెసిషన్ పెడితే ఒక్కటే స్కూల్ కదా, ఆ ఖర్చంతా తప్పుతుందిగా?

తప్పుతుంది, కానీ ఆ స్కూలు కాదంటే నష్టమెక్కువ. ఆగస్టు 1కల్లా ఒక్క స్కూలుకే పెట్టాలి, జవాబు అక్టోబరు 1 లోపు. అప్పటిదాకా ఇంకెక్కడా పెట్టకూడదు. కాదన్నాక మిగతావాటికి అక్టోబరులో మొదలుపెడితే చాలా ఆలస్యం. సొంత రాష్ట్రం స్కూల్లో చేరాలని గట్టిగా ఉండి, ఆ ఆఫీసువాళ్లు మీ ఫైలు చూసి పెట్టమన్నప్పుడే అది ఆలోచించండి.

ప్రశ్న: నాలుగైదు చోట్ల సీట్లొస్తే అన్నీ పట్టుకుని కూర్చోవచ్చా?

ఏప్రిల్ 15 దాకా. ఆ తేదీకి మూడింటికి తగ్గించుకోవాలి, ఏప్రిల్ 30కి ఒకటి ఎంచుకోవాలి. మిగిలినవి తొందరగా వదిలేయండి, ఆ సీటు కోసం వెయిట్‌లిస్టులో ఎవరో ఎదురుచూస్తుంటారు.

ప్రశ్న: ఇప్పటికే పన్నెండు పెట్టేశాం, సెప్టెంబరు వచ్చింది, ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. ఇంకో పది ఎండీలు చేర్చమంటారా?

పది వద్దు. సొంత రాష్ట్రంలో ఏదైనా వదిలేసి ఉంటే అది చేర్చండి. పెట్టిన పన్నెండులో సెకండరీ ఇంకా పంపనిది ఉందేమో, లేఖ ఏదైనా చేరనిది ఉందేమో ఒక్కో పోర్టల్ తెరిచి చూడండి. ఫైలు పూర్తి కాలేదన్న సంగతి తెలియక నెలలు గడిపేవాళ్లు చాలామంది. తర్వాత డీఓ. చాలా డీఓ స్కూళ్ల గడువు చలికాలం దాటి వసంతం దాకా ఉంటుంది, సీట్లు వరసగా నిండుతూ పోతాయి కాబట్టి సెప్టెంబరు మరీ ఆలస్యం కాదు. ఆరో ఎనిమిదో ఎంచుకుని, ఈ రెండు వారాల్లో వ్యాసాలు పూర్తిచేయండి. ట్రాన్‌స్క్రిప్ట్ రిక్వెస్టు మాత్రం రేపే పెట్టాలి. ఆకోమాస్‌కు విడిగా పంపించాలి, ఆమ్కాస్‌కు పంపింది అక్కడికి వెళ్లదు.